ఉమ్మితో షుగర్ చూసుకోవడం: మీ నోటికి ఆ కిట్ పనికొస్తుందో లేదో తేల్చుకునే పద్ధతి

“సూది గుచ్చుకోకుండా ఉమ్మితోనే షుగర్ చూసుకోవచ్చట కదా, ఎలా?” ఈ ప్రశ్న రాని వారం లేదు. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ఏదో స్ట్రిప్పుల డబ్బా కొనేసి ఉంటారు. ఇంకొందరు ఇంట్లో ఉన్న గ్లూకోమీటర్ స్ట్రిప్ మీదే ఉమ్మి అంటించి, మీటర్ ‘లో’ (షుగర్ బాగా తక్కువ) అని చూపించేసరికి హడలిపోయి అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాసేస్తున్నాను.

నాకు షుగర్ వచ్చి పన్నెండేళ్లు దాటింది. వేలికొసలు మొద్దుబారాక నాకూ ఈ ఉమ్మి పరీక్ష మీద ఆశ పుట్టింది. వేర్వేరు కిట్లతో రెండుసార్లు, ఒక్కోసారి రెండు వారాలు చేసి చూశాను. కింద రాసిన పొరపాట్లలో చాలావరకు నేను చేసినవే.

ముందుగా ఒక షరతు. ఉమ్మిలో వచ్చిన అంకెను చూసి ఇన్సులిన్ యూనిట్లు మార్చకండి, మాత్ర ఎగ్గొట్టకండి, ‘లో’ అయినట్టు లేదులే అని ధైర్యం తెచ్చుకోకండి. ఇక్కడ చెప్పేది ఉమ్మి పరీక్షను రక్తపరీక్ష పక్కన పెట్టి చూసే పద్ధతి. అంటే ఈ రెండు వారాలూ వేలు మామూలు కంటే ఎక్కువసార్లే గుచ్చుకోవాలి. అది మీవల్ల కాదనుకుంటే మధ్యదంతా వదిలేసి, చివర్లో సూది నొప్పి గురించి రాసిన భాగానికి వెళ్లండి. బహుశా మీకు కావలసింది అదే.

అసలు చిక్కు ఎక్కడుంది

సిద్ధాంతం జోలికి ఎక్కువ వెళ్లను. ఒక్క లెక్క గుర్తుంటే చాలు: రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉన్నప్పుడు ఉమ్మిలో సుమారు 1 మిల్లీగ్రాము ఉంటుంది. మనిషిని బట్టి అర ఉండొచ్చు, రెండు మూడు ఉండొచ్చు. కాస్త అటూ ఇటూగా వందో వంతు. ఇకపై అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లోనే రాస్తాను. మీ మీటర్ మిల్లీమోల్స్‌లో చూపిస్తే 18తో గుణించుకోండి.

అంత తక్కువ ఉన్నప్పుడు చిన్న మురికి కూడా పెద్ద తేడా తెస్తుంది. ఒక మిల్లీలీటరు ఉమ్మిలో ఒకే ఒక్క మిల్లీగ్రాము గ్లూకోజ్ పొడి కలిసినా అంకె 1 నుంచి 101కి ఎగురుతుంది. చిగుళ్ల సంగతి ఇంకా ఘోరం. మీ రక్తంలో షుగర్ 200 ఉందనుకోండి. చిగురు నుంచి 5 మైక్రోలీటర్ల రక్తం, అంటే సూది గుచ్చినప్పుడు వచ్చేపాటి చుక్క, ఆ మిల్లీలీటరులో కలిస్తే చాలు, ఉమ్మి అంకెకు ఇంకో 1 తోడవుతుంది. నిజం అంకె 2 అయితే 3 కనిపిస్తుంది. మీరు కొలిచింది ఉమ్మినా, చిగుళ్లనా?

దీనికితోడు నోట్లోని బాక్టీరియా గ్లూకోజ్‌ను తింటూనే ఉంటుంది. ఉమ్మి కప్పులోకి వచ్చాక కూడా ఆ విందు ఆగదు. పళ్ల సందుల్లో మిగిలిన పిండిపదార్థాన్ని ఉమ్మిలోని అమైలేజ్ తీపిగా మారుస్తూ ఉంటుంది. ఒకటి అంకెను కిందికి లాగుతుంది, ఇంకొకటి పైకి తోస్తుంది.

ఒంట్లోని వేరే ద్రవంతో రక్తం సంగతి చెప్పించాలన్న ఆశ కొత్తది కాదు. కన్నీళ్లలో గ్లూకోజ్ కొలిచే కాంటాక్ట్ లెన్స్ తయారుచేస్తున్నట్టు గూగుల్ 2014లో ప్రకటించింది. ఆ పని చేపట్టిన వెరిలీ సంస్థ 2018లో దాన్ని పక్కన పెట్టేసింది. కన్నీటి అంకెకూ రక్తం అంకెకూ పొంతన నిలకడగా కుదరలేదన్నది వాళ్లు చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది. అంత డబ్బూ అంతమంది ఇంజనీర్లూ ఉన్నచోటే కుదరలేదు కాబట్టి, ఇంట్లో ఒక డబ్బా కొని తెచ్చుకున్న మనం కాస్త అనుమానంతోనే మొదలుపెట్టాలి.

ఎవరు చేయకూడదు

గర్భిణులు, చిన్నపిల్లలు, లో షుగర్ వచ్చినా లక్షణాలు తెలియనివాళ్లు దీని జోలికి వెళ్లవద్దు. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లైబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు చేయవచ్చు, కాకపోతే డాక్టర్ చెప్పిన రక్తపరీక్షల్లో ఒక్కటి కూడా తగ్గించకూడదు.

కావలసినవి

- ఉమ్మిలో గ్లూకోజ్ కోసమే తయారైన కిట్. పెట్టె మీద అది కొలవగలిగే కనిష్ఠ అంకె చూడండి. 1 కంటే కింద నుంచి మొదలవ్వాలి. ఆ అంకె అసలు రాయకపోతే కొనకండి.
- మీరు రోజూ వాడే గ్లూకోమీటర్, గడువు దాటని స్ట్రిప్పులు, కొత్త లాన్సెట్లు (వేలికి గుచ్చుకునే చిన్న సూదులు).
- మిల్లీలీటర్ల గీతలున్న చిన్న ప్లాస్టిక్ కప్పులు. సూది తీసేసిన సిరంజి ఒకటి.
- ఐస్ ముక్కలు వేసిన గిన్నె, తెల్ల టిష్యూ కాగితాలు, టైమర్.
- డిస్టిల్డ్ వాటర్ నాలుగు లీటర్ల కంటే కాస్త ఎక్కువ, గ్రాముల్లో తూచే త్రాసు, గ్లూకోజ్ పొడి. పొడిలో విటమిన్ సి కలిపి ఉండకూడదు. కారణం మొదటి అడుగులో చెబుతాను.
- నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో రాసుకోవచ్చు గానీ, పేజీ మొత్తం ఒకేసారి కంటికి కనబడితేనే తేడాలు తెలుస్తాయి.

అడుగులు

1. ముందు నీళ్లతో కిట్ సంగతి తేల్చండి.

అందరూ ఎగ్గొట్టే అడుగు ఇదే. డబ్బా విప్పగానే నోట్లో పెట్టేసుకుంటారు. కిట్‌కు 1కీ 2కీ తేడా తెలియకపోతే మీరు రెండు వారాలు నోరు కట్టుకుని కూర్చున్నా ఉపయోగం లేదు.

పది గ్రాముల గ్లూకోజ్‌ను లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కలపండి. అది 1000 అంకె ద్రావణం. దాంట్లోంచి సిరంజితో 1 మిల్లీలీటరు తీసి మరో లీటరు నీళ్లలో కలిపితే 1 వస్తుంది. ఇంకో లీటరులో 2 మిల్లీలీటర్లు కలిపితే 2, మరో లీటరులో 5 కలిపితే 5. వట్టి నీళ్లు సున్నా. కలిపిన వెంటనే పరీక్షించకండి, కనీసం రెండు గంటలు పక్కన పెట్టండి. గ్లూకోజ్ నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది. స్ట్రిప్ మీది గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఎంజైమ్ వాటిలో ఒకదాన్నే పట్టుకుంటుంది. రెండూ సర్దుకోవడానికి ఆ కాస్త సమయం కావాలి. విటమిన్ సి ఉన్న పొడి ఎందుకు వద్దన్నానంటే, అది స్ట్రిప్ మీద రంగు రానివ్వదు. తీపి ఉన్నా లేనట్టే చూపిస్తుంది.

ఇప్పుడు ఇంట్లో వాళ్లను ఎవరినైనా పిలిచి, నాలుగు కప్పుల్లో నాలుగూ పోసి, ఏది ఏదో మీకు చెప్పకుండా ఇమ్మనండి. ఒక్కోదానికి రెండేసి స్ట్రిప్పులు వాడండి. సున్నా, ఒకటి, రెండు, ఐదు వరుస సరిగ్గా చెప్పగలిగారా? చెప్పలేకపోతే కిట్ వెనక్కి ఇచ్చేయండి. నా మొదటి కిట్ 5ను బాగానే పట్టింది గానీ వట్టి నీళ్లకూ 1కీ ఒకే లేత ఆకుపచ్చ చూపించింది. అది తెలిసింది రెండు వారాలు ఉమ్మి ఊసి ఊసి అలిసిపోయాక. ఈ అడుగు మొదట్లోకి వచ్చింది అందుకే.

ద్రావణాలు ఆ రోజుకే. మర్నాటికి దాచకండి.

2. మీ నోరు ఈ పనికి సిద్ధంగా ఉందో చూడండి.

ఏమీ తినకుండా, నమలకుండా కూర్చుని ఐదు నిమిషాల్లో ఎంత ఉమ్మి వస్తుందో కప్పులో కొలవండి. ఒకటిన్నర నుంచి రెండు మిల్లీలీటర్లు వస్తే మామూలు. అర మిల్లీలీటరు కూడా రాకపోతే మీకు నోరు ఎండిపోయే సమస్య ఉన్నట్టు. షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. అలర్జీ మాత్రలు, కొన్ని డిప్రెషన్ మందులు కూడా నోటిని ఎండగడతాయి. ఇంత తక్కువ ఉమ్మితో వచ్చే అంకెలను నమ్మలేం. పరీక్ష ఆపేసి ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి.

తర్వాత తెల్ల టిష్యూ మీద ఉమ్మి చూడండి. గులాబీ రంగు ఛాయ కనిపిస్తే చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నట్టే. ముందు దంతవైద్యుణ్ని కలిసి, అది తగ్గాక మొదలుపెట్టండి. చిగుళ్ల జబ్బు షుగర్‌ను కూడా అదుపు తప్పిస్తుంది కాబట్టి ఆ వెళ్లడం ఎలాగూ వృథా కాదు.

3. పరీక్షకు గంటన్నర ముందు నుంచి నోరు మూసుకోండి.

తిండి, టీ, కాఫీ, చూయింగ్ గమ్, సిగరెట్, పొగాకు, దగ్గు బిళ్లలు ఏవీ వద్దు. మంచినీళ్లు తాగొచ్చు, చివరి పది నిమిషాలు తప్ప. పళ్లు తోముకోవడం కూడా ఈ గంటన్నరలో వద్దు. బ్రష్ తగిలి చిగురు చిట్లితే ఆ ఉదయం లెక్క పోయినట్టే. పరగడుపు పరీక్షకు లేవగానే తోముకోకుండానే ఉమ్మి తీసుకోండి, పుక్కిలిస్తే చాలు. పళ్లు తెల్లబరిచే పేస్టులు, పెరాక్సైడ్ ఉన్న మౌత్‌వాష్‌లు ఈ రెండు వారాలు పూర్తిగా మానేయండి. రంగు మారే స్ట్రిప్పుల్లో పెరాక్సైడ్ ఉత్తపుణ్యానికి రంగు తెస్తుంది, లేని షుగర్‌ను చూపిస్తుంది.

4. పుక్కిలించి, పది నిమిషాలు ఆగండి.

వట్టి నీళ్లతో మూడు నాలుగుసార్లు బాగా పుక్కిలించి ఉమ్మేయండి. తర్వాత టైమర్ పెట్టుకుని పది నిమిషాలు కూర్చోండి. పుక్కిలించిన వెంటనే తీస్తే కప్పులోకి వచ్చేది సగం నీళ్లే. అంకె తక్కువొస్తే “అబ్బ, షుగర్ తగ్గింది” అని సంబరపడతారు.

5. ఉమ్మిని తెచ్చుకోకండి, దానంతట అది రానివ్వండి.

కుర్చీలో నిటారుగా కూర్చుని తల కాస్త ముందుకు వంచండి. కప్పు కింది పెదవికి ఆనించి పెట్టండి. మొదట వచ్చినదాన్ని మింగేయండి లేదా ఉమ్మేయండి. ఆ తర్వాత నాలుక కదపకుండా, బుగ్గలు చప్పరించకుండా, నోట్లో చేరినదాన్ని పెదవి మీదుగా జారనివ్వండి. సన్నటి దారంలా దిగుతుంది. ఐదు నిమిషాలు చాలా పొడవుగా అనిపిస్తాయి, ఎదురుగా ఎవరైనా కూర్చుంటే నవ్వొస్తుంది. అందుకే ఒంటరిగా చేసుకోండి.

త్వరగా అయిపోవాలని పుల్లటిదేదో తలచుకోవడం, దవడ ఆడించడం చేయకండి. నోరు ఊరితే ఉమ్మి ఎక్కువే వస్తుంది గానీ దాని పాళ్లు మారిపోతాయి. ఒకరోజు ఊరించి, ఒకరోజు ఊరించకుండా తీస్తే ఆ రెండు అంకెలనూ పోల్చలేం. కిట్‌లో దూది చుట్ట ఇచ్చి నమలమని చెబితే ఆ కిట్‌కు అదే పద్ధతి పాటించండి, కానీ ప్రతిరోజూ అంతే సేపు నమలండి. మధ్యలో పద్ధతి మార్చకండి.

కప్పులో నురుగు ఉంటే మట్టాన్ని నురుగు కింద చూడాలి. కప్పును ఐస్ మీద పెట్టి రెండు నిమిషాలు ఆగితే నురుగు దిగిపోతుంది, చిక్కటి తెట్టు అడుగుకు చేరుతుంది. పైన తేరుకున్నదాన్నే స్ట్రిప్‌కు వాడండి. ఐస్ ఎందుకంటే, చల్లగా ఉంటే బాక్టీరియా తిండి నెమ్మదిస్తుంది. ఏమైనా అరగంట లోపు పరీక్ష పూర్తవ్వాలి. ఉదయం తీసి సాయంత్రం చూద్దామంటే కుదరదు.

6. అయిదు నిమిషాల లోపు రక్తం చూడండి.

చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా తుడుచుకోండి. వేలికి అంటిన పండ్లరసం కూడా మీటర్ అంకెను పెంచేస్తుంది. ఇక్కడ తప్పు చేస్తే ఉమ్మిని తూచే తూకపురాయే తప్పు అవుతుంది.

సీజీఎం (ఒంటికి అతికించుకుంటే గ్లూకోజ్‌ను రోజంతా చూస్తూ ఉండే సెన్సర్) పెట్టుకున్నవాళ్లు దాని అంకెను వాడొచ్చు. అయితే అది కొలిచేది చర్మం కింది ద్రవాన్ని. రక్తం కంటే అయిదు నుంచి పదిహేను నిమిషాలు వెనకబడి ఉంటుంది. షుగర్ వేగంగా పెరుగుతున్నప్పుడో పడిపోతున్నప్పుడో మాత్రం వేలి రక్తమే చూడండి.

7. స్ట్రిప్‌ను చెప్పిన సెకనుకే చదవండి.

పెట్టె మీద 60 సెకన్లని ఉంటే 60 సెకన్లకే. ఎక్కువసేపు వదిలేస్తే రంగు ముదిరిపోతుంది. రోజూ ఒకే గదిలో, ఒకే దీపం కింద చదవండి. పగటి వెలుతురులో ఒకరోజు, పసుపుపచ్చ బల్బు కింద ఒకరోజు చూస్తే ఒకే రంగు రెండు రకాలుగా కనిపిస్తుంది. ఫోన్ కెమెరాతో చదివే కిట్లకూ ఇదే నియమం. ఇంకో ముఖ్యమైన మాట: రక్తం అంకె చూడకముందే ఉమ్మి అంకె రాసేయండి. మీటర్ 180 చూపించాక రంగు చార్టు చూస్తే కన్ను దానంతట అదే ముదురు గడి వైపు వెళుతుంది. నేనైతే మీటర్‌ను బోర్లా పెట్టేవాణ్ని.

8. జంటగా రాసుకోండి.

తేదీ, సమయం, ఉమ్మి అంకె, రక్తం అంకె, చివరిసారి తిన్న సమయం, ఐదు నిమిషాల్లో వచ్చిన ఉమ్మి ఎంత, టిష్యూ మీద రంగు, జలుబు, నిద్రలేమి లాంటివి. ఉదాహరణకు ఒక వరుస ఇలా ఉంటుంది: “ఉదయం 6:40, ఉమ్మి 1.5, రక్తం 132, తిన్నది రాత్రి 8:30, 1.8 మి.లీ., తెలుపు, గొంతు నొప్పి.” అంకె నచ్చలేదని వరుస కొట్టేయకండి. కొట్టేయాల్సింది రెండు సందర్భాల్లోనే: టిష్యూ గులాబీ రంగులో ఉంటే, గంటన్నర నియమం తప్పితే. అదీ అంకె చూడకముందే నిర్ణయించుకోవాలి.

9. రోజుకు మూడు, పద్నాలుగు రోజులు.

పరగడుపున ఒకటి, రాత్రి భోజనానికి ముందు ఒకటి, ఏదో ఒక పూట తిన్న రెండు గంటలకు ఒకటి. మూడోది వదలకండి. అందులోనే అసలు విషయం తేలుతుంది, అదే అన్నింటికంటే కష్టం కూడా. తిన్నాక షుగర్ ఎంత పెరిగిందో తెలుసుకోవాలని ఉంటుంది, సరిగ్గా అప్పుడే నోరు తిండితో మురికిగా ఉంటుంది. అందుకే తిన్న వెంటనే పళ్ల సందులు నీళ్లతో బాగా పుక్కిలించి, ఆ తర్వాత రెండు గంటలూ ఏమీ నోట్లో వేసుకోకుండా ఉండాలి.

ఫలితం సరిచూసుకోవడం

సుమారు నలభై జంటలు చేతికొస్తాయి. ఇక మూడు పరీక్షలు.

మొదటిది, పునరావృతి. రెండు వారాల్లో ఓ నాలుగైదుసార్లు ఒకే కప్పు ఉమ్మితో రెండు స్ట్రిప్పులు చూడండి. ఒకటి 1 చూపించి ఇంకోటి 2 చూపిస్తే, ఆ కిట్ భాషలో 100కీ 200కీ తేడా లేదన్నమాట.

రెండోది, వరుస. జంటలను రక్తం అంకె ప్రకారం తక్కువ నుంచి ఎక్కువకు కొత్త పేజీలో మళ్లీ రాయండి. పక్కన ఉమ్మి అంకెలు కూడా మొత్తమ్మీద పెరుగుతూ పోతున్నాయా? అక్కడక్కడా తప్పడం సహజం. పైనుంచి కిందికి ఎలాపడితే అలా గెంతుతుంటే మాత్రం అక్కడితో ఆపేయవచ్చు. గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

మూడోదే అసలు పరీక్ష. మొదటి వారం జంటలతో మీ సొంత పట్టిక వేసుకోండి: ఉమ్మి 1 ఉంటే నా రక్తం సుమారు ఇంత, 2 ఉంటే ఇంత అని. ఎవరో చెప్పిన “వందతో గుణించు” సూత్రం వద్దు, ఆ నిష్పత్తి మనిషి మనిషికీ మారుతుంది. రెండో వారంలో ప్రతిసారీ ముందు ఉమ్మి చూసి, పట్టిక ప్రకారం రక్తం ఎంత ఉంటుందో అంచనా రాసి, తర్వాతే వేలు గుచ్చుకోండి.

అంచనా ఎంత దగ్గరగా ఉండాలి? 2013 నాటి ఐఎస్ఓ 15197 ప్రమాణం ప్రకారం ఇంట్లో వాడే గ్లూకోమీటర్ రీడింగుల్లో 95 శాతం, అసలు అంకె 100 కంటే తక్కువైతే 15 మిల్లీగ్రాముల తేడాలోపు, 100 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే 15 శాతం తేడాలోపు ఉండాలి. మీ ఇరవై అంచనాల్లో ఎన్ని ఈ గీత లోపల పడ్డాయో లెక్కపెట్టండి.

ఇక్కడ ఒక మోసం జరుగుతుంది. మీ పరగడుపు షుగర్ రోజూ 120, 140 మధ్యే ఉంటుందనుకోండి. కళ్లు మూసుకుని ప్రతిరోజూ “130” అని రాసినా దాదాపు ప్రతిసారీ సరిగ్గానే ఉంటుంది. దానికి ఉమ్మి ఎందుకు, కిట్ ఎందుకు? అందుకని పక్కన ఇంకో గడి గీసి, ఉమ్మి చూడకుండా వట్టి అలవాటుతో చేసే అంచనా కూడా రాయండి: పరగడుపున ఎప్పుడూ ఉండేది ఇంత, తిన్నాక ఎప్పుడూ ఉండేది ఇంత అని. చివర్లో రెండు గడులూ పోల్చండి. వట్టి అంచనా కంటే ఉమ్మి అంచనా గెలిచిందా? గెలవకపోతే ఆ కిట్ మీకు కొత్తగా చెప్పిందేమీ లేదు. “నాకు బ్రహ్మాండంగా పనిచేసింది” అని ఎవరైనా అంటే ఈ ప్రశ్న వేసి చూడండి.

నా రెండో కిట్ సంగతి: పరగడుపుకూ తిన్నాకకూ తేడా చాలావరకు పట్టింది. కానీ 140ని 190 నుంచి విడదీయలేకపోయింది. ఆ తేడా తెలియాలనే కదా పరీక్ష. వట్టి అంచనా గడి దాదాపు దానితో సమానంగా వచ్చింది. మిగిలిన స్ట్రిప్పులు అలాగే అల్మారాలో ఉన్నాయి, ఈపాటికి గడువు దాటి ఉంటాయి.

మళ్లీ మళ్లీ జరిగే పొరపాట్లు

గ్లూకోమీటర్ స్ట్రిప్ మీద ఉమ్మి వేయడం. చాలా మీటర్లు 20 కంటే తక్కువను చదవలేవు, ‘లో’ అనో ఎర్రర్ అనో చూపిస్తాయి. ఉమ్మిలో ఉండేదే 1, 2. టెన్షన్ పడి తీపి తినేయకండి. మూత్రం స్ట్రిప్పులూ అంతే, అవి ఇంకా ఎక్కువ గ్లూకోజ్ ఉంటే గానీ రంగు మారవు.

విటమిన్ సి మాత్ర వేసుకుని లేదా చప్పరించి పరీక్ష చేయడం. అంకె తప్పుగా తక్కువొస్తుంది.

స్ట్రిప్పుల డబ్బా మూత తీసి పెట్టడం. తేమ తగిలితే ఎంజైమ్ పాడవుతుంది. ఒకటి తీయగానే మూత బిగించాలి.

ఒక్కరోజు రెండు అంకెలూ చక్కగా కలిసేసరికి రక్తపరీక్ష మానేయడం. ఆగిపోయిన గడియారం కూడా రోజుకు రెండుసార్లు సరైన సమయం చూపిస్తుంది.

లక్షణాలు ఉన్నప్పుడు ఉమ్మి కోసం కూర్చోవడం. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక అనిపిస్తే పుక్కిలించడం, పది నిమిషాలు ఆగడం ఏవీ వద్దు. వెంటనే వేలి రక్తం చూడండి. 70 కంటే తక్కువుంటే త్వరగా ఒంటబట్టే తీపి 15 గ్రాములు తీసుకుని, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే తీసుకోండి. మీటర్ దగ్గర లేకపోతే చూడకుండానే తీపి తీసుకోండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అలాగే విపరీతమైన దాహం, వాంతులు, ఆయాసం ఉంటే కూడా ఉమ్మి అంకెను నమ్ముకుని ఇంట్లో ఉండకండి.

సూది నొప్పే అసలు బాధ అయితే

ఉమ్మి గురించి అడిగేవాళ్లను కాస్త కదిపితే చాలామంది చెప్పేది ఇదే. వేలికొస మధ్యలో కాకుండా పక్కన గుచ్చండి, అక్కడ నరాల కొసలు తక్కువ. లాన్సెట్ ప్రతిసారీ కొత్తది వాడండి, వాడిన సూది మొద్దుబారి ఎక్కువ నొప్పి పెడుతుంది. గేజ్ అంకె పెరిగేకొద్దీ సూది సన్నం, 28 కంటే 33 సన్నం. లాన్సెట్ బిగించే పెన్ను మీద లోతు అంకెను రక్తం వచ్చేంత కనిష్ఠానికి తగ్గించండి. గోరువెచ్చటి నీళ్లతో కడుక్కుని, చేయి కిందికి వేలాడదీసి అరనిమిషం ఉంచితే లోతు లేకుండానే చుక్క వస్తుంది. వేలిని గట్టిగా పిండకండి. రోజుకో వేలు మార్చండి. లాన్సెట్ పెన్ను ఇంట్లో వాళ్లతో కూడా పంచుకోవద్దు, హెపటైటిస్ బి లాంటివి అలా అంటుకుంటాయి. ఇవన్నీ చేసినా భరించలేకపోతే సీజీఎం గురించి డాక్టర్‌ను అడగండి.

ఇంకో రెండు ప్రశ్నలు

“ఉంగరం, వాచీతో సూది లేకుండా చూపిస్తున్నాయి కదా?” చర్మం గుచ్చకుండా తమంతట తామే గ్లూకోజ్ కొలుస్తామని చెప్పుకునే వాచీలు, ఉంగరాలు వేటికీ అనుమతి ఇవ్వలేదని, వాటిని వాడొద్దని అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఒంటి మీద ఉన్న సీజీఎం సెన్సర్ అంకెను వాచీలో చూపించడం వేరు, అందులో తప్పేమీ లేదు.

“ఒక డబ్బా అయిపోయి కొత్తది తెచ్చుకున్నాను, పాత పట్టికే వాడొచ్చా?” డబ్బా అడుగున లాట్ నంబరు చూడండి. అదే నంబరైతే వాడొచ్చు. మారితే గ్లూకోజ్ నీళ్లు మళ్లీ కలుపుకుని, మొదటి అడుగు నుంచి మొదలుపెట్టండి.